బిడ్డ మాటే ముందు: కాట్రేనికోన నుంచి ఒక ప్రణాళిక

చెయ్యేరు నుంచి బలుసుతిప్ప దాకా మన మండలంలో గుడి, చర్చి, మసీదు ఊరికి ప్రాణం. పిల్లల్ని అక్కడికి పంపేటప్పుడు మనం వెనకాముందూ ఆలోచించం. ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోవడానికే ఈ ఉద్యమం. ఇది ఏ మతానికీ వ్యతిరేకం కాదు. మాలో కుండలేశ్వరంలో మొక్కులు తీర్చుకునేవాళ్లున్నారు, ఆదివారం ఆరాధన తప్పనివాళ్లున్నారు, ఐదు పూటలా నమాజు చేసేవాళ్లున్నారు.

మేం ఎదిరించేది

పిల్లల మీద లైంగిక దాడి జరిగిందన్న మాట బయటికొస్తే పెద్దమనుషుల తగవు ఎలా నడుస్తుందో మనకు తెలియనిది కాదు. తలుపులు మూస్తారు. నింద పడ్డవాడు కుర్చీలో కూర్చుంటాడు. పిల్ల తల్లి కొంగు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది. పదిమంది మగవాళ్ల మధ్య ‘ఏం జరిగిందో చెప్పమ్మా’ అంటారు. తల వంచుకుంటే అబద్ధమంటారు, నోరు విప్పితే సాక్షి ఎవరంటారు. చివరికి దేవుడి సన్నిధి పరువు పేరు చెప్పి తండ్రి చేత కాగితం మీద సంతకం పెట్టిస్తారు. వాడు వేరే ఊరు మారతాడు, పిల్ల బడి మానేస్తుంది. ఆ వేరే ఊళ్లోనూ పిల్లలుంటారు.

ఈ రోగం ఒక్క మతానిది కాదు. 2018 ఏప్రిల్‌లో జోధ్‌పూర్ కోర్టు ఆధ్యాత్మిక గురువు ఆశారాం బాపుకు యావజ్జీవ శిక్ష వేసింది. ఆయన చెరిచిన బాలిక తల్లిదండ్రులు ఆయన భక్తులే. ఆస్ట్రేలియాలో యెహోవా సాక్షులనే క్రైస్తవ సంస్థ 1950 నుంచి 1,006 మంది నిందితుల వివరాలు ఫైళ్లలో దాచుకుంది, ఒక్కరి సంగతి కూడా పోలీసులకు చెప్పలేదు. 2015లో అక్కడి ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ విచారణలో ఇది బయటపడింది. మన రాష్ట్రంలో 2023 జూన్‌లో విశాఖ వెంకోజీపాలెం ఆశ్రమం నుంచి తప్పించుకున్న ఒక బాలిక రైలెక్కి తోటి ప్రయాణికురాలికి గోడు చెప్పుకుంది. దాంతో కేసు నమోదై ఆశ్రమ స్వామి అరెస్టయ్యాడు. రైల్లో ఎవరో తెలియని మనిషి విన్న మాట చుట్టూ ఉన్న పెద్దలు ఎందుకు వినలేదో ప్రతి మతమూ తనను తాను ప్రశ్నించుకోవాలి.

చట్టం చెప్పేది

పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకునే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి నేరం సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. పూజారికీ, పాస్టరుకూ, ఇమాముకూ మినహాయింపు లేదు. దాస్తే ఆరు నెలల వరకు జైలు, కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్ద దాస్తే ఏడాది వరకు. బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గరో, బిడ్డ కోరిన చోటో, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. ఇరుపక్షాలూ రాజీ పడ్డాయని ఇలాంటి కేసు కొట్టేయడం కుదరదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

మా తీర్మానాలు

1. ఆరోపణ తెలిసిన రోజే పోలీసులకో, పిల్లల హెల్ప్‌లైన్ 1098కో చెబుతాం. పెద్దల దగ్గర పంచాయతీ పెట్టం, పెట్టనివ్వం.

2. నిజమో అబద్ధమో తేల్చేది పోలీసులు, కోర్టు. తేలేదాకా నింద పడ్డవారిని పిల్లలున్న ఏ పనిలోనూ ఉంచకూడదు. ఇది శిక్ష కాదు, జాగ్రత్త.

3. బిడ్డను పదిమందిలో ప్రశ్నించకూడదు. పేరు, ఫొటో, ఇంటి ఆనవాలు ఎవరి ఫోన్లోనూ తిరగకూడదు.

4. సండే స్కూలు, మదరసా, వేదపాఠశాల, హాస్టలు ఏదైనా సరే, పిల్లలతో ఒంటరిగా గది తలుపు మూసుకునే హక్కు ఏ పెద్దకూ లేదు. 1098 నంబరు గోడ మీద పిల్లల కంటికి ఆనేంత ఎత్తులో రాయాలి.

5. గొంతు విప్పిన కుటుంబాన్ని వెలివేస్తే, కోర్టు మెట్ల దాకా వాళ్ల వెంట మేం నడుస్తాం.

పెద్దలకు మా విన్నపం: ఈ ఐదు తీర్మానాలనూ మీ గుడిలో, చర్చిలో, మసీదులో మైకులో చదివి వినిపించండి. తల్లిదండ్రులకు మా మాట: బిడ్డ చెబితే ముందు నమ్మండి, తర్వాత ఫోను చేయండి. నేరాన్ని దాచితే మతం పరువు నిలవదు. బిడ్డ పక్షాన నిలబడితేనే నిలుస్తుంది. మాతో కలిసి రండి.