రాకెట్ పేలకపోతే కథ కాదా?

సమంతా హార్వీ నవల 'ఆర్బిటల్'కి 2024లో బుకర్ వచ్చినప్పట్నుంచీ, దాన్ని చదివిన నా ఈడు ఇంజనీర్ల నోట ఎక్కువగా వింటున్న తీర్పు ఒకటే: "బావుంది గానీ, ఏమీ జరగదు." ఇంకొంచెం కోపమున్నవాళ్లు "ఇది సైన్స్ ఫిక్షనే కాదు" అంటున్నారు. మరీ కోపమొచ్చినవాళ్లు ఒక్క స్టారు పడేసి పోతున్నారు. నా పేచీ ఆ ఒక్క స్టారుతో కాదు, దాని వెనకున్న లెక్కతో.

నవల జరిగేది ఒక్క రోజు. భూమికి దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున ఒక స్పేస్ స్టేషన్, అందులో ఆరుగురు మనుషులు. తొంభై నిమిషాలకో చుట్టు, రోజుకి పదహారు సూర్యోదయాలు. జపాన్ వ్యోమగామి చియేకి తల్లి చనిపోయిన కబురు అందింది, కిందికి దిగే దారి లేదు. ఫిలిప్పీన్స్ మీదికి పెద్ద తుఫాను పోతోంది. పైనుంచి దాన్ని ఫోటోలు తీస్తున్న పియెత్రోకి అక్కడొక జాలరి కుటుంబం తెలుసు. అంటోన్ మెడ దగ్గర గడ్డ లేచింది, ఎవరికీ చెప్పడు. ఇదంతా 'ఏమీ జరగకపోవడం' అయితే, మన ఇళ్లలో జరిగేవి కూడా ఏమీ కానట్టే.

2020లో విమానాలు ఆగిపోయినప్పుడు నాన్న చితిని ఫోన్‌లో చూసినవాళ్లు మనలో ఉన్నారు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో కూర్చుని, స్క్రీన్ ఆగిపోతే మళ్లీ కలిపి చూసినవాళ్లు. చియే కథ అర్థం కావడానికి వాళ్లకి ఖగోళశాస్త్రం అక్కర్లేదు. అయినా మనం ఈ పుస్తకానికి పెట్టే పరీక్ష మాత్రం వేరు: ఆక్సిజన్ ఎప్పుడు లీకవుద్ది? విలన్ ఎవడు?

ఇది పరాయి రుచి అని కూడా తప్పించుకోలేం. నవీన్ 'అంపశయ్య' 1969 నాటిది. ఉస్మానియా హాస్టల్‌లో రవి అనే కుర్రాడి ఒక్క రోజు, అతని తల లోపల నడిచిన రోజు. దాన్ని నెత్తిన పెట్టుకున్నాం, రాసినాయన్ని 'అంపశయ్య నవీన్' అనే పిలుస్తున్నాం. అంతకు ముందే గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' ఉన్నాయి. మనిషే కథగా ఉన్న నవల మనకి కొత్త కాదు. హాస్టల్ గదికి ఇచ్చిన ఓపిక స్పేస్ స్టేషన్‌కి ఎందుకు ఇవ్వం?

సైన్స్ ఫిక్షన్ కాదన్న మాటకొస్తే, రచయిత్రి కూడా దాన్ని వాస్తవికతగానే రాశానన్నారు. సరే, పేరు ఏదైనా పెట్టుకోండి. కానీ స్టేషన్‌లో మనిషి లోపలికి చూడటం ఆ జాన్రాకి పడదంటే మాత్రం ఒప్పుకోను. లెమ్ 'సొలారిస్' 1961లో వచ్చింది. స్టేషన్‌లో అడుగుపెట్టిన కెల్విన్‌కి ఎదురయ్యేది చనిపోయిన భార్య. ఆ గ్రహం కన్నా అతని అపరాధభావమే పెద్దది.

మన ఇంజనీర్ బుర్రకి తగిన లెక్క ఒకటి చెప్తాను. రాకెట్ కక్ష్య చేరడానికి పట్టేది పది నిమిషాల లోపే. తెలంగాణ మూలాలున్న రాజా చారి 2021 నవంబరు నుంచి 2022 మే దాకా, దాదాపు ఆరు నెలలు అంతరిక్ష కేంద్రంలో ఉన్నారు. మనం టీవీలో చూసింది ఆ పది నిమిషాలు. మిగిలిన ఆరు నెలల సంగతేంటి? వ్యాయామం, మరమ్మతు, నిద్ర, బెంగ. సినిమాకి ఆ పది నిమిషాలు చాలు. నవల పుట్టింది మిగతా ఆరు నెలల కోసం.

పుస్తకానికి లోపాల్లేవని కాదు. ఆ ఆరుగురి గొంతులూ చాలా చోట్ల ఒకేలా వినిపిస్తాయి. రోమన్ ఆలోచనని నెల్‌కి ఇచ్చినా తేడా తెలియని పేజీలున్నాయి. పాత్రల మీద నిలబడ్డ నవలకి అది చిన్న లోపం కాదు. ఈ మాట అన్నవాళ్లతో గంటలు కూర్చుని వాదిస్తాను, సగం ఓడిపోతాను కూడా. కానీ ఇది చదివి చెప్పిన అభిప్రాయం. 'ఏమీ జరగదు' అనేది తూకం రాళ్లు మార్చుకోకుండా తూచిన అభిప్రాయం.

నాకు ఇదెందుకు పట్టిందంటే, మాది గుడుపల్లె. కుప్పం పక్కన, మూడు రాష్ట్రాలు తగులుకునే చోటు. స్టేషన్ మా నెత్తి మీదుగా పోయేటప్పుడు అది మాకు హైదరాబాద్ కన్నా దగ్గర. మా మండలంలోనే చిగురుగుంట బంగారు గని ఉంది, 2001లో మూతపడింది. మావాళ్లు రోజూ రైలెక్కి బెంగుళూరు పోయి పనిచేసుకుని వస్తారు. పొద్దు కనపడని గనిలో షిఫ్టు చేసిన మనిషికీ, పదహారు పొద్దులు చూసే మనిషికీ మధ్య ఒక తెలుగు సైన్స్ ఫిక్షన్ నవల ఉంది. మా వైపు నుంచి ఏ అమ్మాయో దాన్ని రాసి తెస్తే మనం అడగబోయే మొదటి ప్రశ్న "పేలుడు ఎక్కడ?" అయితే, రెండో నవల ఆ అమ్మాయి రాయదు.

స్టార్లు ఇవ్వండి, తిట్టండి, మీ ఇష్టం. తిట్టే ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: అంత ఎత్తున కూడా భూమి ఆకర్షణ దాదాపు తొంభై శాతం ఉంటుంది. వాళ్లు తేలుతున్నట్టు కనిపిస్తారంతే. నిజానికి ఆ ఆరుగురూ మొదటి పేజీ నుంచి చివరిదాకా పడిపోతూనే ఉన్నారు.