లాగుద్ది సరే, ఆగుద్దా?

మా ఏలూరు వైపు బండి గొప్పతనం చెప్పాలంటే ఒకటే కొలత. "ఎంతేసినా లాగుద్దండీ!" బొలెరో కొన్నవాడూ అదే అంటాడు, టాటా ఏస్ కొన్నవాడూ అదే అంటాడు. ఎంతేస్తే ఎంత దూరంలో ఆగుద్ది అని అడిగిన మహానుభావుణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. షోరూంలో చెప్పేవాడూ లేడు.

నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్ (మా బ్యాచ్‌లో సగం మంది కథ ఇదే లెండి). అయినా ఈ ఒక్క ముక్క కోసం డిగ్రీ అక్కర్లేదు. ఆర్సీలో రాసిన బరువు ఇంజను లాగగలిగే బరువు కాదు. లాగడానికి ఇంజను రెట్టింపైనా లాగుద్ది, మొదటి గేర్లో మూలుగుతూ లాగుద్ది. ఆ అంకె వేసేటప్పుడు బ్రేకులూ, ఇరుసూ, టైర్లూ, చాసిస్సూ అన్నీ లెక్కలోకొస్తాయి. వాటిలో ఏది ముందు చేతులెత్తేస్తుందో దాన్నిబట్టి ఆ అంకె. మనవాళ్ళు చేసేదేంటంటే, బండి వెనక్కి కూర్చుంటోందని కమాన్లకి ఇంకో పట్టీ వేయిస్తారు. బండి నిటారుగా నిలబడుద్ది. చూడ్డానికి బాగుంటుంది. బ్రేకులు మాత్రం పాతవే! పట్టీ వేయించడమంటే జ్వరం తగ్గించకుండా థర్మామీటర్ మార్చడం.

బతికున్న చేపల బండి సంగతే చూడండి. కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల చేపపిల్లల్నీ, కొర్రమేనుల్నీ పికప్ తొట్టిలో నీళ్ళు నింపి, ఆక్సిజన్ సిలిండర్ పెట్టి తీసుకెళ్తారు. ఎనిమిది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు తొట్టిలో రెండడుగుల ఎత్తు నీళ్ళు పోశారనుకోండి. 80 ఘనపుటడుగులు. అడుగుకి 28.3 లీటర్ల లెక్కన సుమారు 2,260 లీటర్లు, అంటే 2,260 కిలోలు. బొలెరో పికప్ మోసే బరువు మోడల్‌ని బట్టి టన్నుంబావు నుంచి రెండు టన్నుల దాకా. అంటే చేప ఒక్కటి కూడా ఎక్కకముందే, తొట్టీ సిలిండరూ లెక్కేయకముందే పరిమితి దాటేసింది. "నీళ్ళేగా" అంటారు. నీళ్ళే అసలు ప్రమాదం. బస్తా అయితే వేసినచోట పడుంటుంది. నీళ్ళు మలుపులో బయటివైపుకి పరిగెడతాయి, బ్రేకేస్తే ముందుకొచ్చి గుద్దుతాయి. బండి ఆగాక కూడా లోపల అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి. పెట్రోలు ట్యాంకర్ లోపల అడ్డుపలకలు పెట్టేది అందుకే. మన తొట్టిలో ఉండేది టార్పాలినే. ఇక కొల్లేరు రోడ్లు మీకు తెలిసినవే, గట్టు మీద తారు, అటు చెరువు, ఇటు చెరువు. (2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో కొట్టేసిన గట్లెన్ని, మళ్ళీ లేచినవెన్ని అన్న గొడవ వేరే, దాంట్లోకి నేను పోను.)

ట్రాక్టర్ దగ్గరకొద్దాం. మన వైపు ట్రక్కు అంటే ట్రాక్టర్ వెనక తగిలించేదే. దానికి చక్రాలుంటాయి, పైన దేవుడి పేరుంటుంది, బ్రేకు మాత్రం చాలావాటికి ఉండదు, ఉన్నా పనిచేయదు. ట్రాక్టర్ రెండు టన్నులు, ట్రక్కు లోడుతో ఆరు టన్నులు అనుకుందాం. ఎనిమిది టన్నుల్ని ఆపాల్సింది రెండు టన్నుల బండి. పొడి రోడ్డు మీద గంటకి 30 కిలోమీటర్ల వేగంలో అన్ని చక్రాలకీ బ్రేకుంటే ఆరు మీటర్లలో ఆగేది, ఇలా అయితే దాదాపు 24 మీటర్లు పోయి ఆగుద్ది. అది కూడా ట్రక్కు వెనక నుంచి తోసి ట్రాక్టర్‌ని అడ్డం తిప్పకపోతే. రెండు చక్రాల ట్రక్కులో బరువు వెనక్కి వేస్తే కొక్కెం పైకి లేస్తుంది, మరీ ముందుకి వేస్తే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ తిప్పినా తిరగదు. గట్టెక్కేటప్పుడు ముందు భాగం గుర్రంలా లేచిందని నవ్వుకుంటూ వీడియోలు తీస్తారు చూశారా, అది విన్యాసం కాదండీ, వెనక్కి తిరగబడటానికి ముందు మెట్టు.

అమెరికాలో పికప్ వెనక పడవలూ గుర్రాలూ తగిలించుకుని తిరిగేవాళ్ళకి ఇదంతా లెక్క. ట్రెయిలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం కొక్కెం మీద పడాలి, కొక్కెం ఊడినా పట్టుకోడానికి గొలుసులుండాలి, పెద్ద ట్రెయిలర్‌కి సొంత బ్రేకులుండాలి. ఐరోపాలో 750 కిలోలు దాటితే ట్రెయిలర్‌కి బ్రేకు తప్పనిసరి. మనం ఆరు టన్నులకి ఒక కొక్కెం, ఒక పిన్ను, ఒక్కోసారి పిన్ను బదులు ఇనుప చువ్వ.

ఈ మాటంటే వచ్చే జవాబు నాకు తెలుసు. "ఏసీలో కూర్చుని చెబుతావ్, తక్కువేస్తే గిట్టుబాటు అవ్వాలిగా?" నిజమే, ఇవాళ్టి కిరాయికి గిట్టదు. ఎందుకు గిట్టదు? పక్కవాడు మూడు టన్నులేసుకుని వెళ్తున్నాడు కాబట్టి కిరాయి మూడు టన్నుల లెక్కన ఖరారయింది. అందరూ ఓవర్‌లోడ్ వేస్తే లాభం బండివాడికి మిగలదు, సరుకు పంపినవాడికి పోతుంది. టైర్లు అరిగేది బండివాడివి, కేసు పడేది డ్రైవర్ మీద, చెరువులో పడేదీ వాడే.

2024 సెప్టెంబరులో మన ఏలూరు జిల్లా టి.నరసాపురం మండలం నుంచి జీడిగింజల బస్తాలతో బయల్దేరిన మినీలారీ దేవరపల్లి మండలంలో బోల్తా పడింది. లోడు మీద కూర్చున్న కూలీల్లో ఏడుగురు ఆ బస్తాల కిందే పోయారు. సరుకు వేరు, మనుషులు వేరు అన్న చిన్న తేడా కూడా మన బళ్ళకి లేదు. రెండ్రోజులు టీవీల్లో చూపించారు, తర్వాత షరా మామూలే.

చట్టం లేదా అంటే ఉంది. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్, 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కి 20,000 రూపాయలు, పైన అదనపు టన్నుకి 2,000, దించే ఖర్చు వేరే. ఎక్కువ బరువు దించేదాకా బండి కదలకూడదు. అసలు మాట ఆ సెక్షన్ మొదట్లోనే ఉంది. నడిపినవాడే కాదు, నడిపించినవాడూ, నడపనిచ్చినవాడూ శిక్షార్హులే. మరి లోడెత్తించిన వ్యాపారి పేరుతో చలానా రాయడం మీరెప్పుడైనా చూశారా?

సాక్ష్యం లేదంటే నేనొప్పుకోను. తాడేపల్లిగూడెం రైస్ మిల్లులో గానీ, ఆకివీడు చేపల ప్యాకింగ్ దగ్గర గానీ కాటా వేయకుండా డబ్బులు లెక్కేస్తారా? అయిదు కిలోలు తేడా వస్తే కొట్టుకుంటారు. ఆ కాటా చీటీ మీద బండి నంబరుంటుంది, తేదీ ఉంటుంది, బరువు ఉంటుంది. ఆర్సీలో అంకె ఆన్‌లైన్లో ఉంది. రెండిట్నీ పోల్చే ప్రోగ్రాం రాయడానికి మా ఆఫీసులో నిన్న చేరిన కుర్రాడు చాలు, సాయంత్రానికి ఇచ్చేస్తాడు. కాటా చీటీలు రవాణా శాఖకి చేరేలా చేయండి, బరువు దాటితే మిల్లు గేటు దగ్గరే దించమనండి, మొదటి జరిమానా లోడెత్తించినవాడికి వేయండి. కిరాయి ఎంత పెరుగుతుందో అప్పుడు చూద్దాం.