కొలువులోని కర్పూరపు బొమ్మ

మా ఇంటి బొమ్మల కొలువులో, కొండపల్లి దశావతారాల సరసన, ఒక జపాను పాప ఉంటుంది. మా అమ్మగారికి చిన్ననాట ఎవరో కొనిపెట్టినది. జానెడు పొడవు, గులాబి బుగ్గలు, ఎత్తితే బరువే తెలియదు. ఇన్నేళ్ళూ అందరం దానిని రబ్బరు బొమ్మ అనే అన్నాము. అది రబ్బరు కాదు, సెల్యులాయిడ్. ఆ సంగతి తెలిసిన నాటినుండి దానిని దీపం ముందు కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాలేదు.

దూదిని నత్రికామ్ల, గంధకామ్లాల మిశ్రమంలో నానబెడితే నైట్రోసెల్యులోజు వస్తుంది. అందులో నత్రజని పాలు హెచ్చితే అది ఫిరంగులలో వాడిన మందు. కొంత తగ్గించి కర్పూరం కలిపితే వేడికి మెత్తబడి ఏ అచ్చులోనైనా ఒదుగుతుంది. అమెరికాలో జాన్ వెస్లీ హయ్యట్ బిలియర్డు బంతులకు ఏనుగు దంతానికి బదులు వెతుకుతూ 1870 ప్రాంతంలో దీనిని రూపొందించాడు. ఆ తరువాత ఇది దంతం వేషం, తాబేటిచిప్ప వేషం, కొమ్ము వేషం కూడా కట్టి దువ్వెనలుగా, కళ్ళజోళ్ళుగా, ఫౌంటెన్ పెన్నులుగా ఇంటింటికీ వచ్చింది. నాటి కర్పూరంలో అధికభాగం ఫార్మోసా దీవిది, అంటే నేటి తైవానుది. 1899 నుండి దానిపై గుత్తాధికారం జపాను ప్రభుత్వానిది. జపాను బొమ్మలు అంత చవకగా దేశదేశాలకూ వెళ్ళడంలో ఆ కర్పూరం పాత్ర చిన్నది కాదు. మనం హారతికి వెలిగించే ద్రవ్యమే ఆ పాప ఒంట్లో ఉన్నదన్నమాట!

1929లో క్లీవ్‌లాండు ఆసుపత్రిలో ఇదే జాతి ఎక్స్‌రే ఫిల్ములు అంటుకొని 120 మందికి పైగా మరణించారు. అధికులను చంపినది మంట కాదు, విషవాయువు. 1932 డిసెంబరులో టోక్యోలోని షిరోకియా దుకాణంలో పండుగ అలంకరణల వద్ద పుట్టిన నిప్పు సెల్యులాయిడ్ బొమ్మలకు పాకింది. పుణేలో 2003లో మన పాత నైట్రేటు చలనచిత్రాలు అనేకం ఇలాగే బూడిదయ్యాయి. ఈ పదార్థం మండడానికి కావలసిన ప్రాణవాయువును తనలోనే దాచుకొని ఉంటుంది కనుక రీళ్ళు నీటిలో ముంచినా మండుతూనే ఉంటాయి.

"ఎనభై ఏళ్ళుగా ఏమీ కాలేదు కదా" అనేవారితోనే నా పేచీ. ఇది ముదిరేకొద్దీ స్థిరపడే వస్తువు కాదు, చెడే వస్తువు. పసుపు బారుతుంది, జిగురుగా చెమర్చుతుంది, పగుళ్ళిస్తుంది, పక్కనున్న లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. వెలువడే ఆమ్లపు ఆవిరి బయటికి పోకపోతే క్షయం మరింత వేగిరపడుతుంది. కాబట్టి సేకర్తలు ముచ్చటపడి చేయించుకొనే బిగుతైన అద్దాల పెట్టె దీనికి కారాగారమే. డబ్బాలలో చెడిపోయిన నైట్రేటు ఫిల్ము సుమారు 41 డిగ్రీల వేడిలో చాలాకాలం ఉంటే తనంతట తానే అంటుకోగలదు. మన వేసవికి 41 ఒక లెక్కా? ఒంటరి బొమ్మ అలా రగులుతుందని నేననను. దానికి ఒక ఒత్తి చాలునంటాను.

కాల్చిన సూది గుచ్చి పరీక్షించమని కొందరు చెబుతున్నారు. ఇంతకంటె అవివేకం లేదు. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, తరచు కర్పూరపు వాసన తెలుస్తుంది. పాత దువ్వెనలను దంతపువని అమ్మే వర్తకులు పదార్థమేదో పేరు పెట్టి చెప్పడం కనీస ధర్మం.

ఇక మా ఇంటి తగవు. "అత్తయ్యగారి బొమ్మను కొలువు దింపుతానంటారా?" అని మా ఇంటావిడ కన్నెర్ర చేసింది. చివరకు దీపాన్నే దేవుడి గదికి తరలించి, బొమ్మను ఉండనిచ్చాము. తక్కిన కాలమంతా అది చల్లని గదిలో, గాలి ఆడే అట్టపెట్టెలో ఉంటుంది. కొలువులో హారతి వేళ మాత్రం పాపను నేనే చేతబట్టుకొని వరండాలో నిలబడుతున్నాను.