సన్నమంట పొదుపు కాదు

అక్టోబరు రాగానే ఐర్లండ్‌లో ఇంటింటా ఒక ఉచిత సలహా తిరగడం మొదలవుతుంది. "హీటింగ్ ఆపకండి. రోజంతా సన్నగా నడవనివ్వండి. చల్లబడిన ఇంటిని మళ్లీ వెచ్చబరచాలంటే ఇంకా ఎక్కువ ఖర్చు." ఇంటి యజమాని ఇదే చెబుతాడు, పొరుగావిడ ఇదే చెబుతుంది. డబ్లిన్ చుట్టుపక్కల లూకన్‌లోనో సోర్డ్స్‌లోనో ఏళ్ల తరబడి ఉంటున్న మనవాళ్లు కూడా కొత్తగా దిగినవాళ్లకు ఇదే అప్పజెబుతారు. కట్టెల స్టవ్ ఉన్న ఇంట్లో ఈ సలహా ఇంకో రూపం ఎత్తుతుంది: "పడుకోబోయే ముందు నిండా కట్టెలు పేర్చి, గాలి రాకుండా మూసెయ్యండి. తెల్లారేదాకా నిప్పు నిలుస్తుంది, కట్టె కలిసొస్తుంది." రెండూ తప్పే. మొదటిది డబ్బు దండగ. రెండోది డబ్బుకీ ఊపిరికీ కూడా చేటు.

ముందు మొదటి వాదం సంగతి చూద్దాం. ఇంట్లోంచి వేడి బయటికి పోయే జోరు, లోపలి ఉష్ణోగ్రతకూ బయటి ఉష్ణోగ్రతకూ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. చిల్లుకుండలో నీళ్లు ఎంత ఎత్తున ఉంటే అంత జోరుగా కారినట్టే ఇదీ. డబ్లిన్ చలికాలంలో బయట 5 డిగ్రీలు, లోపల 20 డిగ్రీలు అనుకుందాం. తేడా 15. పెద్దలు కొలువులకూ పిల్లలు బడికీ వెళ్లిన ఎనిమిది గంటలూ ఇంటిని 20 దగ్గరే నిలబెడితే, ఆ ఎనిమిది గంటలూ వేడి నిండు జోరుతో పోతూనే ఉంటుంది. ఆపేస్తే ఇల్లు మెల్లగా 18కి, 16కి, 15కి దిగుతుంది. దిగేకొద్దీ నష్టమూ తగ్గుతుంది. 15 దగ్గర అది మునుపటి దాంట్లో మూడింట రెండు వంతులే.

"మరి సాయంత్రం మళ్లీ వేడెక్కించే ఖర్చు మాటేమిటి?" అని అడుగుతారు. కాకిలెక్క ఇక్కడే ఉంది. ఇల్లు చల్లబడుతున్నంతసేపూ గోడలూ నేలా తమలో ఉన్న వేడిని వదులుతూ వచ్చాయి. ఆ మేరకు బాయిలర్ ఇంధనం కాల్చలేదు. సాయంత్రం తిరిగి నింపాల్సింది ఆ వేడినే. అక్కడికది చెల్లుకు చెల్లు. ఇల్లు చల్లగా ఉన్న గంటల్లో బయటికి పోకుండా ఆగిన వేడి మాత్రం పూర్తిగా మిగులు. అయినా జనం ఎందుకు నమ్ముతారంటే, సాయంత్రం బాయిలర్ గంటసేపు ఏకబిగిన మోగుతుంది. అది చెవికి వినబడుతుంది. పగలంతా ఐదేసి నిమిషాల చొప్పున మండుతూ ఆరుతూ మింగిన ఇంధనం ఎవరి చెవినా పడదు.

దీనికి తోడబుట్టిన నమ్మకం ఇంకొకటుంది. త్వరగా వెచ్చబడాలని థర్మోస్టాట్‌ను 28కి తిప్పడం. చాలా ఇళ్లలో గోడ మీద ఉండే సాధారణ థర్మోస్టాట్ ఒట్టి స్విచ్చి మాత్రమే. 20 పెట్టినా 28 పెట్టినా బాయిలర్ మండే జోరు ఒకటే. తగ్గించడం మరచిపోయినప్పుడు ఉక్కపోతా బిల్లూ రెండూ పెరుగుతాయి, అంతే. 15 డిగ్రీల తేడా ఒక్క డిగ్రీ పెరిగితే వేడి నష్టం సుమారు 7 శాతం పెరుగుతుంది. కూర్చునే గదికి 20, హాలుకూ పడకగదులకూ 15 నుంచి 18 చాలని ఐర్లండ్ ప్రభుత్వ ఇంధన సంస్థ ఎస్ఈఏఐ చెబుతోంది.

రోజంతా సన్నగా నడపడం సరైన చోటు లేకపోలేదు. కొత్తగా కట్టిన, గాలి చొరబడని, హీట్ పంప్ ఉన్న ఇల్లు అది. అలాంటి ఇంట్లో కారిపోయే వేడే తక్కువ. పైగా హీట్ పంప్ 35 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు పంపుతున్నప్పుడు మంచి పొదుపరి. ఒక్కసారిగా 55 డిగ్రీల నీళ్లు అడిగితే దాని సామర్థ్యం పడిపోతుంది. కానీ 2022 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో పది ఇళ్లలో దాదాపు నాలుగింటికి ఇంకా నూనె బాయిలరే దిక్కు. ఇంధన సామర్థ్యంలో ఏ2 రేటింగ్ ఉన్న ఇంటికి చెల్లే సూత్రాన్ని పల్లెల్లోని పాత డి, ఇ రేటింగ్ ఇళ్లకు అంటగట్టడమే తప్పు.

ఇక కట్టె. నూనె బాయిలర్ థర్మోస్టాట్ మాట వింటుంది. గది వెచ్చబడితే మంట క్షణంలో ఆరుతుంది. కట్టె అలా ఆరదు. గాలి మూసేస్తే మంట చస్తుంది గానీ కట్టె కుములుతూనే ఉంటుంది. కట్టెలోని శక్తిలో సగానికి పైగా బొగ్గులో కాదు, వేడెక్కినప్పుడు వెలువడే వాయువుల్లో ఉంటుంది. ఆ వాయువులు మండాలంటే మంచి వేడీ కావాలి, సరిపడా గాలీ కావాలి. ఆ రెండూ లేనప్పుడు అవి పొగగా, తారుగా చిమ్నీ ఎక్కుతాయి. డబ్బు పెట్టి కొన్న కట్టెలో సగం గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణమే. స్టవ్ అద్దం నల్లబడటం దాని మొదటి గుర్తు. చిమ్నీలో తారు పేరుకుని ఏదో ఒకనాడు అదే అంటుకోవడం చివరి గుర్తు. నడుమ కార్బన్ మోనాక్సైడ్ గండం ఉండనే ఉంది. కొత్తగా స్టవ్ బిగించే ఇంటికి ఆ వాయువును పసిగట్టే అలారం ఉండాలని 2014 నుంచి ఇక్కడి భవన నిబంధనలు చెబుతున్నది ఊరికే కాదు. పిల్లాపాపలతో పడుకుని రాత్రంతా పొయ్యిని ఊపిరాడకుండా నొక్కిపెట్టడం పొదుపు పేరిట కొరివితో తల గోక్కోవడమే. ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూర్చున్న మన ముత్తవ్వలకు ఈ సంగతి ఎవరూ పాఠం చెప్పలేదు. పచ్చి కట్టెనూ, గాలిలేని పొయ్యినీ వాళ్లు ఏనాడూ పొదుపు అనుకోలేదు.

పచ్చి కట్టె మీదా ఇక్కడొక మూఢనమ్మకముంది. యాష్ చెట్టు కట్టె పచ్చిదైనా మండుతుందని అంటారు. 2012లో లీట్రిమ్ కౌంటీలో తొలిసారి కనబడిన తెగులు ఆ చెట్లను ఏళ్లుగా చంపుతోంది. కొట్టేసిన యాష్ పొయ్యిలకు చేరుతోంది. మండుతుంది, నిజమే. కానీ అందులోని నీళ్లు ఆవిరి కావడానికి పట్టే వేడి మన జేబులోదే. 20 శాతం తేమ ఉన్న కట్టె కిలోకు సుమారు 4 యూనిట్ల వేడినిస్తుంది. బరువులో సగం నీళ్లే అయితే ఆ 4 కాస్తా రెండు చిల్లరకు పడిపోతుంది.

ఇది ఇంటి గడప దాటని వ్యవహారమూ కాదు. ఐర్లండ్‌లో సన్నటి ధూళికణాల వల్ల ఏటా వెయ్యికి పైగా అకాల మరణాలు సంభవిస్తున్నాయని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనా. ఆ ధూళికి మొదటి కారణం ఇళ్లలో కాల్చే బొగ్గు, టర్ఫ్ (ఎండబెట్టిన పీట్ మట్టి), కట్టె. డబ్లిన్‌లో 1990లోనే పొగబొగ్గు అమ్మకాన్ని నిషేధించారు. 2022 అక్టోబరు 31 నుంచి ఆ నిషేధం దేశమంతటికీ వచ్చింది. చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెల్లో తేమ 25 శాతం మించకూడదని అప్పట్లో పెట్టిన నియమమూ దాంతోపాటే వచ్చింది. మంచి చట్టాలే. అయితే అవన్నీ ఏం కాల్చాలో చెబుతాయి. ఎలా కాల్చాలో ఇంటివాడికి ఎవరు చెబుతున్నారు? ఎంత ఎండిన కట్టె కొన్నా, గాలి మూసి కాలిస్తే పొగే వస్తుంది.

కాబట్టి కట్టెల హీటింగ్‌లో సూత్రం ఒక్కటే: థర్మోస్టాట్ నీళ్లను అదుపు చేయాలి, నిప్పును కాదు. మంట ఎప్పుడు మండినా గాలి తగినంత ఇచ్చి నిండుగా మండనివ్వాలి. అక్కర్లేనప్పుడు నొక్కిపెట్టడం కాదు, అసలు వేయకూడదు. కట్టెల బాయిలర్ పెట్టుకునే స్తోమత ఉన్నవారు పక్కనే పెద్ద నీళ్ల ట్యాంకు పెట్టుకోవాలి. 1,000 లీటర్ల నీళ్లు 50 డిగ్రీలు వేడెక్కితే 58 యూనిట్ల వేడి నిలవ ఉంటుంది. ఒక్కపూట మంట వేసి ఆ వేడిని దాచుకుంటే, రాత్రంతా గదులు అడిగినప్పుడల్లా థర్మోస్టాట్ ట్యాంకులోంచి తీసుకుంటుంది. ట్యాంకు లేని మామూలు స్టవ్‌లో కొద్దికొద్దిగా కట్టెలు వేసి మంటను చురుగ్గా ఉంచడమే దారి.

థర్మోస్టాట్ ఎక్కడుందో కూడా చూసుకోవాలి. స్టవ్ ఉన్న గదిలోనే అది ఉంటే, ఆ గది వెచ్చబడగానే నూనె బాయిలర్ ఆగిపోతుంది, మేడ మీద పిల్లలు వణుకుతారు. స్టవ్‌కు దూరంగా, ఎండా ఈదురుగాలీ తగలని చోట అది ఉండాలి. స్టవ్ వెనక బాయిలర్ ఉండి రేడియేటర్లు నడిపే ఇళ్లలో నీళ్లు బాగా వేడెక్కాకే పంపు కదిలేలా పైపు మీద ఇంకో థర్మోస్టాట్ ఉండాలి. చల్లటి నీళ్లు తిరిగి స్టవ్‌లోకి వస్తే అక్కడే తారు కడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది.

"కరెంటు పోతే కట్టెల స్టవ్వే ప్రాణం నిలిపింది కదా" అనేవాళ్లున్నారు. నిజం. 2025 జనవరి 24న ఏయోవిన్ తుఫాను కొట్టినప్పుడు ఏడు లక్షల అరవై వేలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. స్టవ్ ఉన్నవాళ్లు వెచ్చగా ఉన్నారు. నేను స్టవ్‌ను తీసేయమనడం లేదు, దాని గొంతు నొక్కవద్దంటున్నాను. ఆ తుఫాను నేర్పిన పాఠం ఇంకొకటుంది: కరెంటు పోతే పంపు ఆగుతుంది, నిప్పు ఆగదు. కాబట్టి స్టవ్ వెనక బాయిలర్ ఉన్న ఇంట్లో పంపు లేకపోయినా వేడి నీళ్లు తమంతట తామే పైకెక్కి తిరిగే ఒక రేడియేటర్, దానికి కవాటం లేకుండా, ఉండి తీరాలి.

వణకమని కూడా ఎవరినీ అనడం లేదు. మనుషులున్న గది 18 డిగ్రీలకు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. చంటిబిడ్డలూ, ఇండియా నుంచి చూడవచ్చిన అమ్మానాన్నలూ ఉంటే ఇంకాస్త పెంచండి. ఇంట్లో ఉన్నప్పుడు వెచ్చగా ఉంచుకోండి, లేనప్పుడు ఆపేయండి.

నా మాట నమ్మనక్కర్లేదు. బయటి చలి ఒకేలా ఉన్న రెండు వారాలు చూసుకోండి. ఒక వారం హీటింగ్ రోజంతా సన్నగా నడపండి, రెండో వారం అవసరమైన గంటల్లోనే నడపండి. రెండుసార్లూ గ్యాస్ మీటరో నూనె ట్యాంకు మట్టమో రాసుకోండి. స్టవ్ ఉంటే మంట వేసిన అరగంట తర్వాత బయటికెళ్లి చిమ్నీ వైపు చూడండి. పొగ దట్టంగా కనిపిస్తే గాలి తెరవండి. వచ్చే అక్టోబరులో ఎవరైనా ఆ పాత సలహా ఇస్తే, మీరు రాసుకున్న అంకెలు వాళ్ల ముందు పెట్టండి.