యోగం సులభం, క్షేమం కష్టం: పాత విలాసవాహనాన్ని కొనదలచిన గృహస్థునికి

విలాసవాహనం సాధకునికి తగునా అనే ప్రశ్న సత్సంగాల్లో తరచు వినబడుతుంది. పదిహేనేళ్ళు నడిచిన మెర్సిడిస్ బెంజ్ ఇ-క్లాస్, బీఎండబ్ల్యు 5 సిరీస్, ఆడి ఏ6 వంటివి నేడు కొత్త చిన్న కారు ధరకే లభిస్తున్నాయి. అందువల్ల సంపన్నులకే పరిమితమైన కోరిక మధ్యతరగతి గృహస్థుని హృదయంలోనూ అంకురిస్తున్నది. ఆ గృహస్థుడు నిత్యం గీత పారాయణ చేసేవాడు, శనివారం తప్పక వేంకటేశ్వరుని దర్శించేవాడు కావచ్చు. అతనికి "వైరాగ్యం వహించు నాయనా" అని ఒక్కమాట చెప్పి పంపివేయడం సులభమే గాని, అది సమాధానం కాదు. కోరికలో దోషం ఉన్నదా లేదా అన్నది రెండవ విచారణ. తాను దేనిని కొంటున్నాడో అతనికి తెలుసునా అన్నదే మొదటి విచారణ అని నా అభిప్రాయం.

గీత తొమ్మిదవ అధ్యాయంలో భగవానుడు తాను వహిస్తానన్న యోగక్షేమాలకు శంకర భగవత్పాదులు చెప్పిన అర్థం సుప్రసిద్ధం. అప్రాప్తమైనదానిని పొందడం యోగం. ప్రాప్తమైనదానిని రక్షించుకోవడం క్షేమం. మనం ఈ రెండింటినీ జంటపదంగా పలికి పలికి ఒకటే అనుకొంటున్నాం. ఉత్తరాల్లో "మీ యోగక్షేమాలు తెలియజేయగలరు" అని వ్రాసేటప్పుడు అది రెండు ప్రశ్నలని ఎవరికీ తోచదు. పాత విలాసవాహనం వద్ద మాత్రం ఈ రెండూ స్పష్టంగా విడిపోతాయి. అక్కడ యోగం అత్యంత సులభం, క్షేమం అత్యంత కష్టం. కారణం నిగూఢమైనదేమీ కాదు. కాలం గడిచిన కొద్దీ వాహనపు ధర పడిపోతుంది; విడిభాగాల ధర పడిపోదు. అరవై లక్షల వాహనం ఆరు లక్షలకు దిగివచ్చినా, దాని గేర్‌బాక్సు, దాని సస్పెన్షను, దాని ఎలక్ట్రానిక్ పరికరాలు అరవై లక్షల వాహనానివే. కొనేవాడు ఆరు లక్షలవాడు. పోషించవలసినది అరవై లక్షలదానిని.

యోగసూత్రాలలో అపరిగ్రహ శబ్దాన్ని వ్యాఖ్యానిస్తూ వ్యాసభాష్యం విషయాలలో అయిదు దోషాలను చూడమంటుంది: ఆర్జనం, రక్షణం, క్షయం, సంగం, హింస. వీటిని చూచి స్వీకరించకపోవడమే అపరిగ్రహం. ఇక్కడ "చూచి" అన్న మాట ముఖ్యం. చూడకుండా త్యజించినవాడు ద్రాక్షపండ్లు అందని నక్కవంటివాడు; చూడకుండా స్వీకరించినవాడు వలలో పడిన పక్షివంటివాడు. కనుక చూద్దాం.

రక్షణంతోనే ఆరంభిద్దాం, ఎందుకంటే ఈ విషయంలో భారమంతా దానిదే. జర్మను వాహనాలు దృఢమైనవన్న ప్రసిద్ధి అసత్యం కాదు. కాని ఆ దృఢత్వం ఉక్కుది. రబ్బరుకు, ప్లాస్టిక్కుకు, తీగలకు వయస్సు వస్తుంది. మెర్సిడిస్ సంస్థ 1995లో పుణెలో కూర్పు ప్రారంభించిన డబ్ల్యు 124 శ్రేణి ఇ-క్లాసును తీసుకోండి. లక్షల కిలోమీటర్లు నడిచే ఇంజినులకు అది పేరొందింది. అయినా 1990ల మధ్యకాలపు ఆ శ్రేణి పెట్రోలు కార్లలో ఇంజిను తీగల పైపూత కాలక్రమాన పొడియై రాలిపోయే లోపం సర్వవిదితం. దానికి తరువాత వచ్చిన డబ్ల్యు 211 శ్రేణిలో 2006కు పూర్వపు కార్లకు విద్యుత్ సహాయంతో పనిచేసే బ్రేకు వ్యవస్థ ఉన్నది. ఆ పంపు ఎన్నిసార్లు పనిచేసినదో తానే లెక్కించుకొంటుంది. సంఖ్య నిండినప్పుడు మార్చమని హెచ్చరిస్తుంది. ఆయుఃపరిమాణాన్ని తనలోనే వ్రాసుకొని పుట్టిన వస్తువు! వేదాంత విద్యార్థికి ఇంతకంటె మంచి దృష్టాంతం దొరకదు గాని, కొనేముందు ఆ సంఖ్యను చూపించుకోకపోతే దృష్టాంతం చాలా ఖరీదైనదవుతుంది. కొన్నింటిలో ఇనుప స్ప్రింగులకు బదులు గాలితో నిండిన సస్పెన్షను ఉంటుంది. రాత్రి నిలిపిన కారు ఉదయానికి ఒకవైపు ఒరిగి కనిపిస్తే గాలి కారుతున్నదని అర్థం.

ఇవి పెద్ద వ్యాధులు. నిత్యకర్మ వేరే ఉన్నది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం కలది; రెండేళ్ళకొకమారు మార్చవలసినదే. ఆటోమేటిక్ గేర్‌బాక్సులోని నూనె జీవితకాలం పనికివస్తుందని కరపత్రాల్లో వ్రాసినా, ఆ జీవితకాలం ఎవరిదో వ్రాయలేదు. అనుభవజ్ఞులైన మెకానిక్కులు దానిని మార్చమనే చెబుతారు. రేడియేటరు, నీటిపంపు, ప్లాస్టిక్ గొట్టాల అతుకులు మన ఎండలకు ముందుగా లొంగేవి. సంధ్యావందనం ఒక పూట మానితే ఏమీ పగిలిపోదు, మరుసటి పూటా మానబుద్ధవుతుంది, అంతే. కూలెంటు విషయంలోనూ అలాగే జరుగుతుంది, సిలిండరు హెడ్డు వేడికి వంగేవరకు.

ఆయుధపూజనాడు చక్రాల క్రింద నిమ్మకాయలు పెట్టి, బానెట్టుకు పసుపుకుంకుమలు అద్ది, కొబ్బరికాయ కొట్టడం మన ఆచారం. నేను దానిని మనసారా గౌరవిస్తాను. కాని అరిగిపోయిన టైరు క్రింద నిమ్మకాయ పెట్టేవారిని చూచినప్పుడు నవ్వు వస్తుంది, భయమూ వేస్తుంది. టైరు ప్రక్కభాగంపై నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరపు ఇరవైమూడవ వారంలో తయారైనదని. పూజచేసే చేతితో ఆ అంకెలను కూడ ఒకమారు తడిమి చూడవచ్చు. వాహనానికి సపర్య అంటే మొదట అదే.

కావున కొనుగోలు ధరలో కనీసం మూడవవంతు ధనాన్ని మొదటి సంవత్సరపు మరమ్మతులకు వేరుగా నిలుపుకోలేనివారు ఈ జోలికి పోరాదని నా నిశ్చితాభిప్రాయం. ఇక అప్పుచేసి కొనడం గురించి చర్చయే అనవసరం. దేవ, ఋషి, పితృ ఋణాలతో పుట్టినవాడు, ధర పడిపోతున్న వస్తువు కోసం నాలుగవ ఋణాన్ని నెత్తికెత్తుకోవడం ఏ శాస్త్రానికీ సమ్మతం కాదు.

ఆర్జనంలో పరీక్ష ప్రధానం. 2015లో చెన్నై నగరం, 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగినప్పుడు నీట నానిన కార్లెన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని తుడిచి మెరుగుపెట్టబడి విపణికి వచ్చాయి. సీటుబెల్టును చివరివరకు లాగి చూస్తే బురదచార కనబడవచ్చు. తివాచీ క్రింద వాసన, సీటు పట్టాల క్రింద తుప్పు అబద్ధమాడవు. ఓడోమీటరు మాత్రం ఆడుతుంది. నలభైవేల కిలోమీటర్లు చూపే కారులో బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగు తోలు మెరుస్తూ ఉంటే ఏది ప్రమాణం? ప్రత్యక్షమే. ఇంజిను చల్లగా ఉన్నప్పుడే ప్రారంభించి వినాలి. స్కానరు పెట్టి దోషసంకేతాలను చదివించాలి. డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి ఆరుతున్నదా, లేక అసలు వెలగనే లేదా గమనించాలి. ఇంత చూడటం అవిశ్వాసం కాదు, వివేకం.

పత్రాల విషయం క్లుప్తంగా చెబుతాను. సొంతకారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆపై తనిఖీ చేయించి అయిదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి, మన రాష్ట్రాల్లో హరితపన్ను కూడ కట్టాలి. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్ళు దాటిన డీజిలు వాహనాలపై హరిత ట్రిబ్యునలు 2015లో విధించి, సుప్రీంకోర్టు 2018లో సమర్థించిన ఆంక్షల వల్ల అక్కడి కార్లు చౌకగా దక్షిణానికి తరలివచ్చాయి. వాటికి అక్కడి నిరభ్యంతర పత్రం కావాలి, ఇక్కడ జీవితపన్ను మళ్ళీ చెల్లించాలి. ఈ రెండూ కలిపి లెక్కవేస్తే చౌక చాలామటుకు ఆవిరైపోతుంది.

"ఏనుగు బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే" అన్న సామెతను ఈ కార్లకు అన్వయించేవారున్నారు. అది ఏనుగుకే చెల్లుతుంది. క్షయదోషానికి ఇంతకు మించిన వ్యాఖ్యానం అక్కరలేదు.

సంగం దగ్గర మాత్రం కొంత నిలవాలి. బ్రహ్మసూత్రభాష్యానికి ఉపోద్ఘాతమైన అధ్యాసభాష్యంలో ఆచార్యులవారు ఒక లౌకికానుభవాన్ని చూపుతారు. భార్యాపుత్రులు వికలురైతే నేనే వికలుడనైతినని, వారు సకలురైతే నేనే సకలుడనని మనుష్యుడు బాహ్యధర్మాలను తనపై ఆరోపించుకొంటాడు. ఆ రోజుల్లో కార్లు లేవు. ఉన్నట్లయితే ఈ పట్టికలో చేరేవేమో! సందులో ఎవరో ఆటోవారు గీరిపోతే "నన్ను గుద్దాడు" అంటామే గాని "నా కారును గుద్దాడు" అనము. దేహం కూడ కాని, దేహానికి చుట్టూ ఉన్న లోహం మీద అహంబుద్ధి! పాత విలాసవాహనంలో ఇది మరింత సూక్ష్మరూపం ధరిస్తుంది. కొత్తదానిని కొనగలిగినవానికి అది ధనచిహ్నం మాత్రమే. పాతదానిని కొన్నవానికి అది ధనమున్నట్లు కనిపించే చిహ్నం. వివాహమండపం ముందు దిగుతున్నప్పుడు నలుగురూ చూచిన చూపు కోసమే కొన్నట్లయితే, మరమ్మతు బిల్లు వచ్చిననాడు అతనికి మిగిలేది క్రోధమే. కఠోపనిషత్తులోని రథకల్పనను మనమందరం ఉదహరిస్తాం. సారథి, పగ్గాలు, గుఱ్ఱాలు, మార్గం, చేరవలసిన పదం, ఇన్ని చెప్పిన శ్రుతి రథానికి ఏ అలంకారం ఉన్నదో చెప్పలేదు.

మరొక విధమైన ప్రీతి కూడ ఉన్నది; దానిని నేను సంగమని కొట్టివేయలేను. చక్కగా నిర్మింపబడిన వస్తువును పారవేయక, స్వహస్తాలతో నూనె మార్చి, పాత బోల్టును సరిగా బిగించి, మరి పదేళ్ళు నడిపించడంలో శిల్పిశ్రమ పట్ల ఒక గౌరవం ఉన్నది. దేవాలయంలోని పాత కంచుదీపాన్ని తోమేవాని శ్రద్ధకు అది చాలా దగ్గర. ఈ ప్రీతితో కొన్నవారు చూచేవారు లేకపోయినా కారును శుభ్రంగా ఉంచుతారు. అదొక్కటే గుర్తు.

హింసాదోషం గురించి భక్తులు ప్రత్యేకంగా అడిగేది తోలు ఆసనాలను గూర్చి. ఐరోపా కార్లలోని తోలు ప్రధానంగా గోజాతిదే. మాంసవిషయంలో మనుస్మృతి చంపినవానితో పాటు కొన్నవానిని, అమ్మినవానిని కూడ ఘాతకులలో చేర్చింది. ఆ న్యాయం ఇక్కడ పూర్తిగా అన్వయిస్తుందని నేననుకోను. ఇరవైయేళ్ళ నాటి ఆసనాన్ని కొన్నందువల్ల కొత్తగా ఒక పశువు వధింపబడదు. అయినా దానిపై కూర్చొని జపం చేసుకోలేని మనస్సు ఉంటే ఆ మనస్సును మన్నించాలి. మెర్సిడిస్ కార్లలో వస్త్రంతోను, తోలును పోలిన కృత్రిమ పదార్థంతోను చేసిన ఆసనాలు కూడ వచ్చేవి. కృత్రిమమైనది మన్నికలో తోలుకు తీసిపోదు. వెదకితే దొరుకుతాయి. పొగ సంగతి వేరు. ఉన్న వాహనాన్ని వాడుకోవడం వల్ల కొత్తదాని నిర్మాణం తప్పుతుందన్న వాదం సబబే గాని, పాత డీజిలు ఇంజినుతో నిత్యం నగరమధ్యంలో తిరిగేవానికి ఆ వాదం రక్ష కాదు. అటువంటివాడు పెట్రోలు కారును ఎంచుకోవాలి, లేదా నిత్యప్రయాణానికి బస్సునో మెట్రోనో ఆశ్రయించాలి.

చివరకు ఒకనాడు దీనిని అమ్మవలసి వస్తుంది. శాంతిపర్వంలో తపస్వి అయిన జాజలికి ధర్మం బోధించినవాడు వారణాసిలోని తులాధారుడనే వర్తకుడు. అతని త్రాసు అందరికీ సమానం. కొనేటప్పుడు మనం వెదకిన సత్యాన్ని అమ్మేటప్పుడు దాచడం తగదు. ఏ భాగం ఎప్పుడు మార్చామో, ఏది ఇంకా మార్చవలసి ఉన్నదో కాగితంపై వ్రాసి, బిల్లులన్నీ ఒక సంచిలో పెట్టి కొనేవానికి అందించాలి. అదే రాష్ట్రంలో అమ్మితే పదునాలుగు రోజుల్లోగా రవాణాశాఖకు తెలియజేయాలి. అద్దంపై ఉన్న ఫాస్టాగును తొలగించుకోవడం కూడ మరువరాదు.