అనుపానం లేని వార్త

మూడేళ్ల క్రితం ఒక గృహిణి కాళ్ల వాపుతో నా వద్దకు వచ్చారు. రక్తపోటు చాలా ఎక్కువగా ఉంది. పొడిదగ్గుకని రెండు నెలలుగా అతిమధురం చూర్ణాన్ని తేనెతో రోజుకు రెండుమార్లు సేవిస్తున్నారట. ఎవరు చెప్పారమ్మా అంటే సెల్‌ఫోను చూపారు. చదివి నిర్ఘాంతపోయాను. ఆ మాటలు నావే! ఏదో సభలో నేను చెప్పినవి. కాని "వారం రోజులు మించరాదు, రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు వాడరాదు" అన్న చివరి వాక్యం అందులో లేదు. నా పేరూ లేదు; ఆ స్థానంలో ఎవరో హిమాలయ యోగి వెలిశాడు. పేరు పోయినందుకు చింత లేదు. చూర్ణం మాన్పించి ఆసుపత్రికి పంపితే, రక్తంలో పొటాషియం పడిపోయిందని తేలింది. అతిమధురం అతిగా వాడితే జరిగేది అదే.

ఇది నేటి జాడ్యం కాదు. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ పండితుల చర్చకోసం లాటిన్ భాషలో రాసిన 95 ప్రతిపాదనలు, అచ్చుయంత్రం పుణ్యమా అని ఆయన ఊహకు అందనంత దూరం పాకిపోయాయి. మన ఇళ్లకు వచ్చే కరపత్రాలు తెలియనివా? వెయ్యి ప్రతులు వేయించి పంచితే శుభం, చించితే అరిష్టం! 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడన్న వార్త ఇంటర్నెట్ అండ లేకుండానే ఒక్కరోజులో దేశమంతా చుట్టింది. ఇలా మనిషినుంచి మనిషికి అంటుకునే భావానికి రిచర్డ్ డాకిన్స్ 1976లోనే 'మీమ్' అని పేరు పెట్టారు.

అయితే పాలు పోసినవారికి పోయింది పాలే. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో కొందరు, ఉమ్మెత్త గింజల రసం తాగితే కరోనా రాదన్న వీడియో నమ్మి ఆసుపత్రి పాలయ్యారు. ఉమ్మెత్తను మన శాస్త్రం ఉపవిషాలలో చేర్చింది; శోధన చేయనిదే ముట్టరాదంది. వీడియోలో శోధన ఊసెక్కడ? ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ, చాలా చేతులు మారిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్కచోటికే పంపగలిగేలా కట్టడి చేసింది. మంచిదే. కాని అది వేగాన్ని తగ్గిస్తుందే తప్ప, తెగిపోయిన వాక్యాన్ని అతికించదు.

గురుకులంలో మేము అష్టాంగహృదయం వల్లె వేసేటప్పుడు ఒక్క అక్షరం జారినా ఛందస్సు కుంటేది. గురువుగారి కనుబొమ లేచేది. విషయాన్ని శ్లోకంలో బిగించడంలో కంఠస్థ సౌలభ్యమొక్కటే కాదు, ఈ కాపలా కూడా ఉన్నదని నాకు ముసలితనంలో గాని బోధపడలేదు. తాళపత్రాలకూ లేఖకదోషాలు తప్పలేదు, నిజమే. అయినా నిషేధం బరువని ఎవరూ దాన్ని కోసి పారేయలేదు. నేడు తేలికైనదే ఎగురుతుంది. మోతాదు, అనుపానం, పథ్యం అన్నీ బరువులే!

ఆ గృహిణి వచ్చి వెళ్లాక నేనొక పద్ధతి పెట్టుకున్నాను. సభల్లో ఏ మందు చెప్పినా ముందు ఎవరు వాడరాదో చెప్పి, తరువాతే గుణం చెబుతున్నాను. మొన్న మా కోడలి ఫోనుకు నా అతిమధురం మళ్లీ వచ్చింది. ఈసారి నిషేధం భద్రంగా ఉంది. మోతాదు పోయింది.