మార్టినీ గ్లాసులో షర్బతా? తౌబా!



పోయిన నెల హుజూర్‌నగర్‌లో మా చెల్లెలి బిడ్డ నిఖా అయింది. అల్‌హమ్దులిల్లాహ్, పిల్లా బాగుంది, పిల్లగాడూ బాగున్నాడు, వాళ్ళ జోడీని అల్లాహ్ సలామత్‌గా ఉంచాలి. నా పేచీ వాళ్ళతో కాదు. ఫంక్షన్ హాల్లో మర్దానా వైపు, బిర్యానీ డేగ్‌లకు పది అడుగుల దూరంలో, నీలం లైట్లు పెట్టి నిలబెట్టిన కౌంటర్‌తో నా పేచీ.

పైన 'మాక్‌టెయిల్స్' అని బోర్డు. వెనక నల్లకోట్లు వేసుకున్న ఇద్దరు పిల్లగాళ్ళు స్టీలు డబ్బాలు చెవి పక్కన పెట్టుకుని ఊపుతున్నారు. ముందు బల్ల మీద వరసగా మార్టినీ గ్లాసులు. సన్నటి కాడ, పైన గరాటులాగా విప్పుకున్న మూతి, సినిమాల్లో విలన్ చేతిలో ఉంటుందే, అదే గ్లాసు. ఒకదాంట్లో నీలం నీళ్ళు, ఒకదాంట్లో ఆకుపచ్చ నీళ్ళు. అంచుకు చక్కెర అద్ది, చిన్న కాయితం గొడుగు గుచ్చి, నిఖా చదివించి వచ్చిన ఖాజీ సాబ్ చేతిలో కూడా ఒకటి పెట్టారు. పాపం, దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియక ఆయన రెండు చేతులతో పట్టుకుని బిస్మిల్లాహ్ అన్నారు. సగం షేర్వానీ మీదికి పోయింది.

అప్పుడు అందరం నవ్వుకున్నాం. మర్నాడు బిల్లు చూశాక నా నవ్వు ఆగిపోయింది. ఆ ఒక్క కౌంటర్‌కు 18,000 రూపాయలు. కట్టింది మా బెహనోయి, రైస్ మిల్లులో గుమాస్తా. అడిగింది పిల్లగాడి తరఫువాళ్ళు. అడిగారంటే కూర్చోబెట్టి అడిగింది కాదు. వాళ్ళు జోడే కీ రఖమ్ వద్దన్నారు, జహేజ్ వద్దన్నారు, షరీఫ్ మనుషులు. కానీ మంగ్నీ రోజు లేచి చెప్పులు వేసుకుంటూ, "ఈ మధ్య అందరి దావత్‌లలో మాక్‌టెయిల్ ఉంటోంది కదా" అని ఒక మాట వదిలి వెళ్ళారు. ఆడపిల్ల బాప్‌కి అంత చాలు. ఆ మాట ఆయన్ని రెండు నెలలు నిద్రపోనివ్వలేదు.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద బహస్. మా బడే భాయ్ అది హరామ్ అన్నారు. షరాబీల మెహఫిల్‌ని నకల్ చేయడమే గునాహ్, లోపల ఏముందన్నది తర్వాత సంగతి అని ఆయన వాదన. మా భాంజా, బీటెక్ చదివినవాడు, "మామూ, అందులో ఉన్నది షుగర్ సిరప్పు, సోడా. గ్లాసు ఆకారం హరామా?" అన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు. ఫత్వా ఇచ్చే ఇల్మ్ నాకు లేదు, అది ఉలమాల పని. నేను చెప్పింది వేరే. అది తాగడానికి బాగోలేదు, ఆ గ్లాసు ఆ పనికి పుట్టలేదు, మనం నకల్ కూడా సరిగా చేయలేదు అన్నాను. అదే ఇక్కడ వివరంగా రాస్తున్నా.

మార్టినీ సంగతి నీకెట్లా తెలుసంటారా? దుబాయ్‌లో ఒక హోటల్ స్టోర్స్‌లో నాలుగేళ్ళు లెక్కలు రాశాను. చుక్క ముట్టలేదు, అల్లాహ్ గవాహ్. కానీ గ్లాసుల లెక్క నాదే. ఏ రకం ఎన్ని వచ్చాయి, ఎన్ని పగిలాయి అని రోజూ రాసేవాణ్ణి. అన్నిటికంటే ఎక్కువ పగిలేది ఈ కాడగ్లాసే. బార్‌లో పనిచేసే గోవా పిల్లగాడు ఒకడు చాయ్ తాగడానికి మా గదికి వచ్చి కూర్చుని, తన పని గురించి చెప్పేవాడు. వాడి దగ్గర విన్నవే ఇవి.

మార్టినీ అంటే జిన్, దాంట్లో కొంచెం వెర్మూత్. జిన్ అంటే జునిపర్ కాయల వాసన పట్టించిన మద్యం, వెర్మూత్ అంటే మూలికలు వేసిన ద్రాక్ష మద్యం. రెండే సామాన్లు. ఆ రెండింటి మీద తాగేవాళ్ళ పట్టింపులు చూస్తే మతిపోతుంది. వెర్మూత్ ఎంత పడాలన్నదాని మీద తరాలుగా తగాదా. పైన ఆలివ్ కాయ వేయాలా, నిమ్మతొక్క తిప్పి వేయాలా అని ఇంకో తగాదా. సినిమా గూఢచారి డబ్బాలో ఊపి ఇమ్మంటాడు గానీ, ఆ ఉస్తాద్‌లు చాలామంది ఊపొద్దనే అంటారట. ఊపితే ఐసు చిట్లి నీళ్ళు ఎక్కువ కలుస్తాయి, తేటదనం పోతుంది, పొడుగు చెంచాతో మెల్లగా తిప్పాలి అని. తిప్పి చల్లబడ్డాక ఐసు తీసేసి, ఒట్టి పానీయాన్ని వడగట్టి గ్లాసులో పోస్తారు. ఐసు లేదు కాబట్టి అరచేతి వేడి తగిలితే చల్లదనం పోతుంది. అందుకే ఆ గ్లాసుకు కాడ. ఆ కాడ ఉన్నది షోకు కోసం కాదు భాయ్, దానికో పని ఉంది.

ఇప్పుడు మన కౌంటర్‌కు రండి. గ్లాసు నిండా ఐసు ముక్కలు. ఐసు ఉన్నాక కాడ ఎందుకు? ముగ్గురు పిల్లల్ని వేసుకుని నిలబడ్డ మనిషికి ఆ గరాటు మూతి ఎందుకు? అందులో పట్టేది నాలుగు గుటకలు, ఐసు పోను రెండు. వాళ్ళ పానీయం మనకు హరామ్, వదిలేశాం, మంచిది. వాళ్ళ గ్లాసు తెచ్చుకున్నాం. కానీ తాగేదాని మీద వాళ్ళకున్న ఆ శ్రద్ధ ఉంది చూడండి, అది హలాలే కదా, దాన్ని అక్కడే వదిలేసి వచ్చాం. నా కోపం అక్కడ.

అసలు ఇందులో సగం ఆస్తి మనదే. షరాబ్, షర్బత్, రెండూ 'తాగడం' అనే ఒకే అరబీ ధాతువు పిల్లలు. అరబీలో షరాబ్ అంటే తాగేది, అంతే. సూరా నహ్ల్‌లో తేనెటీగ కడుపులోంచి వచ్చే షిఫా ఉన్న పానీయానికి కూడా ఆ మాటే వాడారు. ఉర్దూలోకి వచ్చాక అది బద్‌నామ్ అయింది. ఇంగ్లీషువాళ్ళ సిరప్ అన్న మాటా అక్కణ్ణుంచి పోయిందే. మన గులాబ్, అంటే గులాబీ నీరు, అరబీలో జులాబ్ అయి, యూరప్ దాటి, అమెరికా చేరేసరికి జూలెప్ అయి విస్కీలో పడింది. ఇన్ని వందల ఏళ్ళు వాళ్ళు మన దగ్గర ఎత్తుకుపోయారు. ఇప్పుడు ఆ విస్కీ తీసేసి, అదే చక్కెరపాకానికి నీలం రంగు వేసి గ్లాసుకు అరవై రూపాయల లెక్కన మనకే అమ్ముతున్నారు.

సరే, తిట్టడం తేలిక. నా షర్బత్ ఎట్లా ఉండాలో చెప్తా, తప్పులు పట్టండి.

ముందు సబ్జా గింజలు. చెంచాడు గింజలకు పెద్ద గ్లాసెడు నీళ్ళు, ఇరవై నిమిషాలు నానాలి. ప్రతి గింజ చుట్టూ తెల్లటి జిగురు పొర కట్టి మధ్యలో నల్లచుక్క కనబడాలి. దావత్‌లలో మెహమాన్లు వచ్చాక గుప్పెడు పొడి గింజలు డ్రమ్ములో చల్లుతారు. అవి ఉండలు కట్టి గొంతులో అడ్డం పడతాయి. ఆ పని చేసేవాళ్ళకు మాఫీ లేదు.

నీళ్ళు మట్టికుండవి. ఫ్రిజ్ నీళ్ళు పళ్ళు జివ్వుమనిపిస్తాయి గానీ దాహం తీర్చవు, రోజా పట్టినవాళ్ళెవరినైనా అడగండి. రూహ్ అఫ్జా పెద్ద గ్లాసుకు పెద్ద చెంచాతో ఒకటిన్నర. రెండు వేస్తే తీపి, మూడు వేస్తే దవా. రంగు గులాబీరేకులా ఉండాలి. ఢిల్లీలో హకీమ్ హాఫిజ్ అబ్దుల్ మజీద్ 1906లో హమ్‌దర్ద్ దవాఖానా పెట్టి, మరుసటేడు ఎండదెబ్బకు యునానీ మందులాగా దీన్ని తయారు చేశారు. చల్వ చేయడానికి పుట్టింది, నోరు అంటుకుపోవడానికి కాదు. తక్సీమ్ తర్వాత ఆయన పెద్దకొడుకు ఢిల్లీలో ఉండిపోయారు, చిన్నకొడుకు కరాచీలో ఇంకో హమ్‌దర్ద్ పెట్టారు. ముల్క్ రెండయింది గానీ సీసాలో రంగు అదే.

నిమ్మ తప్పనిసరి. నకిరేకల్ వైపు నుంచి వచ్చే పల్చటి తొక్క కాయ, గ్లాసుకు సగం చెక్క. గట్టిగా పిసికి తొక్క నలగ్గొడితే చేదు దిగుతుంది. రెండు వేళ్ళ మధ్య ఒక్కసారి నొక్కి వదిలేయాలి. చిటికెడు ఉప్పు. పాకం బరువుగా ఉండి అడుగుకు పోతుంది కాబట్టి గరిటె అడుగు నుంచి పైకి తిప్పాలి. డబ్బాలో ఊపితే వచ్చేది ఒట్టి నురగ, దాన్నేం చేసుకుంటాం? ఐసు చివర్న, పెద్ద ముక్కలు. దంచిన ఐసు ముందే కరిగి, లైను చివర నిలబడ్డవాడికి ఎర్రరంగు నీళ్ళు మిగులుతాయి. పోసేది స్టీలు గ్లాసులో, అంచుదాకా. చల్లదనం అరచేతికి తెలియాలి. మార్టినీవాళ్ళు చేతిని దూరం పెడతారు, మనకు చేయి ముందు తాగుతుంది.

ఇక్కడ మా బేగమ్ ఏతరాజ్ రాయకపోతే ఇంట్లో అన్నం పుట్టదు. ఆమె పుట్టిల్లు మిర్యాలగూడ, అక్కడ వాళ్ళింట్లో పాలల్లోనే కలుపుతారు. పాలల్లో నిమ్మ పడితే విరుగుతుంది, నిమ్మ లేకపోతే అది షర్బత్ కాదు, తియ్యటి పాలు. ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నా. ఆమె వినలేదు, నేనూ మారలేదు.

భాంజా ఇంకో మాట అన్నాడు, దానికి జవాబు చెప్పాలి. "మామూ, రూహ్ అఫ్జా కూడా చక్కెరే కదా. అమ్మీకి షుగర్, నీకు షుగర్." నిజమే, కాదనను. అందుకే ఒకటిన్నర చెంచా. అది కూడా వద్దనేవాళ్ళకు రెండో డేగ్చా పెట్టండి. నిమ్మ, ఉప్పు, సబ్జా, కాసిని పుదీనా ఆకులు. మొజిటో అని వాళ్ళు అమ్మేది దాదాపు ఇదే, క్యూబాలో దీంట్లో రమ్ పోస్తారు, అంతే తేడా. మన నల్గొండ వైపు బత్తాయికి ఎంత పేరు! 2016లో జిల్లా విడగొట్టి మనల్ని సూర్యాపేటలో కలిపారు గానీ తోటలు ఎక్కడికీ పోలేదు. బత్తాయి రసం పెడితే ఎవరైనా ఇజ్జత్ పోయిందంటారా? నీలం నీళ్ళ కోసం పరువు తాకట్టు పెడుతున్నాం, లారీలకెత్తి పంపే పండు మనకు చిన్నచూపు.

లెక్క కూడా వేసి చూపించాను. 750 మిల్లీలీటర్ల సీసాకు నా కొలతతో ముప్ఫై గ్లాసులు. మూడు వందల మందికి పది సీసాలు, నూటయాభై నిమ్మకాయలు, సబ్జా, ఐసు. నాలుగు వేలు దాటదు. మిగిలిన పద్నాలుగు వేలు మా బెహనోయికి రెండు ఈఎంఐలు.

కానీ డబ్బు కంటే నాకు మంట పుట్టించింది ఇంకోటి ఉంది. ఆ కౌంటర్ మర్దానాలో మాత్రమే ఉంది. జనానా వైపు కూల్‌డ్రింక్ సీసాలు, అవి కూడా వేడివి. పెళ్ళికూతురు అమ్మీ, అంటే మా చెల్లెలు, ఆ 18,000 కోసం రెండేళ్ళు బీడీ కమిటీ కట్టినట్టు నెలనెలా పైసలు దాచిన మనిషి, ఆ గ్లాసు కంటితో కూడా చూడలేదు. కేటరింగ్ పిల్లగాళ్ళు చిన్నపిల్లల్ని "గ్లాసులు పగులుతాయి, జరగండి" అని తోలేశారు. బయట డేగ్‌లు కడిగే ఆడవాళ్ళకు ఎవరూ ఇవ్వలేదు.

షర్బత్ ఎట్లా పంచుతారో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. జాన్‌పహాడ్ సైదులు పేరు హిందువులు కూడా తమ పిల్లలకు పెట్టుకునే ఇలాఖా ఇది. పీర్ల పండక్కి మా వీధిలో బెల్లం, సోంపు, మిరియాలు వేసిన షర్బత్ కుండల్లో వచ్చేది, మా ఇంటి నుంచే కాదు, గొల్లోళ్ళ ఇంటి నుంచి, కుమ్మరోళ్ళ ఇంటి నుంచి. కర్బలాలో నీళ్ళు ఆపేసిన దాహం యాద్‌లో పోసేది అది. సబీల్ దగ్గర నువ్వెవరని అడగరు. పిల్లలు మూడోసారి వచ్చినా పోస్తారు. మన దాదీలు చేత్తో కొలిచి, వేలితో రుచి చూసి, వీధి మొత్తానికి సరిపోయేట్టు కలిపేవాళ్ళు. నబీజ్ సంగతి హదీస్‌లలో చదివే ఉంటారు. ఖర్జూరాలో కిస్‌మిస్సో నీళ్ళలో నానబెట్టి రసూలుల్లాహ్ (స.అ.స.) తాగేవారు. మూడు రోజులు దాటితే దాన్ని ఉంచుకునేవారు కాదు. ఏది తాగాలి, ఎంతసేపు నాననివ్వాలి, ఎప్పుడు పారబోయాలి అని అంత బారీకీగా ఆలోచించిన ఉమ్మత్ మనది. ఇవాళ సిరప్పు సీసా మీద ఏం రాసుందో చదవకుండా అద్దె కోట్లకు పైసలు కడుతున్నాం.

కొందరు "ఖుషీ రోజు, పిల్లల సర్దా, పోనీ భాయ్" అంటారు. పిల్లల సర్దాకు నేను దుష్మన్ కాదు. లైట్లు పెట్టుకోండి. డేగ్చాకు పూలదండ వేసుకోండి. షర్బత్ మంచిగా కలపడం వచ్చిన పెద్దమనిషిని తెచ్చి పీట మీద కూర్చోబెట్టి, ఆయనకు కొత్త టోపీ పెట్టండి, పిల్లలు ఆయన చుట్టూ చేరతారు. అడిగేది పిల్లగాడి వైపువాళ్ళయితే మాత్రం చెప్పులు వేసుకుంటూ ఆ మాట అనకండి. అనాలనిపిస్తే మీ వలీమాలో పెట్టుకోండి, మీ ఖర్చుతో, జనానాలో కూడా.

షవ్వాల్‌లో బడే భాయ్ కొడుకు నిఖా, ఇన్‌షా అల్లాహ్. పిల్ల కోదాడ వాళ్ళది. మొన్న వాళ్ళ అబ్బా ఫోన్ చేసి, మాక్‌టెయిల్ కౌంటర్ ఎంతమందికి చెప్పమంటారు అని మెల్లగా అడిగాడు. ఫోన్ నేనే తీసుకున్నా. వద్దు సాబ్, డేగ్చాలు మావే తెస్తాం, షర్బత్ నా జిమ్మా అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, నిమ్మకాయలు మాత్రం నేనే తెస్తాను అన్నాడు. రెండు డేగ్చాలు నీళ్ళవి, ఒకటి పాలది. పాలది బేగమ్ చూసుకుంటుంది, నేను దాని దగ్గరికి కూడా పోను.